కోయని పైపు

తొమ్మిదో భాగం

పోయిన వారం మనం సీసాలమ్మను మ్యాన్‌హోల్ పక్కన, చేతిలో రంగు పొడి డబ్బాతో నిలబెట్టి వచ్చేశాం. ఆమెను వారం రోజులు ఎండలో అలా వదిలేయడం అన్యాయమే, ఒప్పుకుంటాను. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి, వెంటనే ఆమె దగ్గరికి వెళ్ళిపోదాం.

ఆమె నీటి సరఫరా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్. భుజాన సంచీ, సంచీలో గలగలలాడే గాజు సీసాలు. అందుకే ఊరంతా ఆమెను సీసాలమ్మ అంటుంది. తొమ్మిది రోజులుగా ఊళ్ళో కలరా. రెండు వందల మందికి పైగా ఆసుపత్రిలో ఉన్నారు. పదకొండు మంది పోయారు. తోపుడు బండ్ల మీద అమ్మే తిండి వల్లే జబ్బు వస్తోందని ఇంజనీరు అంటాడు. కాదు, కుళాయి నీళ్ళ వల్లేనని సీసాలమ్మ అంటుంది. టైలరమ్మ ఇంటి కుళాయిలో వచ్చే మొట్టమొదటి నీళ్ళు పట్టి పరీక్షిస్తే మురుగు తేలింది. "కుళాయి విప్పి ఐదు నిమిషాలు వదిలేశాక పట్టాలి, అదీ నిబంధన. నీ పరీక్ష చెల్లదు" అన్నాడు ఇంజనీరు. అని ఊరుకోలేదు, ఆమెను స్టోర్సుకు బదిలీ చేస్తూ కాగితం కూడా తయారు చేయించాడు. హెల్త్ ఆఫీసరు మధ్యలో పడి ఒకే ఒక్క అవకాశం ఇప్పించింది. మురుగులో రంగు కలపాలి. సాయంత్రం నాలుగింటికి నీళ్ళు వదిలినప్పుడు ఆ రంగు కుళాయిలో కనిపిస్తే సీసాలమ్మ మాట నిజం. కనిపించకపోతే బదిలీ కాగితం మీదా, బండ్లు ఎత్తేయమనే ఆర్డరు మీదా అదే సాయంత్రం సంతకాలు పడతాయి.

ఇక కథలోకి.

మధ్యాహ్నం రెండున్నర. టైలర్ల సందు మలుపులో మ్యాన్‌హోల్ మూత పక్కకు దొర్లించి ఉంది. చుట్టూ జనం ముక్కులు మూసుకుని నిలబడ్డారు. ముక్కులు మూసుకున్నారే గాని కళ్ళు మూసుకున్నవాడు ఒక్కడూ లేడు.

సీసాలమ్మ డబ్బా మూత తీసింది.

"అదేంటి, ఇటుక పొడిలా ఎర్రగా ఉంది? పచ్చరంగు అన్నారుగా?" అంది టైలరమ్మ. సందులో ఆవిడదే మొదటి ఇల్లు. మెడలో టేపు తీయకుండానే వచ్చి నిలబడింది.

"నీళ్ళు తగలనియ్యండి. అప్పుడు చూద్దురుగాని."

బకెట్లో నీళ్ళు పోసి, గరిటెడు పొడి వేసి కర్రతో తిప్పింది. అంతే. బకెట్లో దీపం పెట్టినట్టు నీళ్ళు చిలకపచ్చగా వెలిగిపోయాయి. జనం ఒక్కసారిగా "ఓ" అన్నారు.

"ఇది కుళాయిలో వస్తే మాకేం కాదు గదా, తల్లీ?" అని ఎవరో వెనక నుంచి అడిగారు.

"దీంతో ఏమీ కాదు. తొమ్మిది రోజులుగా రంగు లేకుండా తాగుతున్నారు చూడండి, అయ్యిందంతా దాంతోనే."

మూడు బకెట్లు కలిపి మూడూ మురుగులో పోసింది. పచ్చటి నీళ్ళు నల్లటి నీళ్ళలో పాములా మెలికలు తిరుగుతూ సందు వైపు కదిలాయి.

బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని ఇదంతా చూస్తున్న పెద్దాయన ఆమె మామగారు. ముప్ఫై నాలుగేళ్ళు ఈ ఊళ్ళో ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. ఊరివాళ్ళకు ఆయన ఇప్పటికీ పెద్ద ఫిట్టరే. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో సీసాలమ్మకు పైపుల సంగతి ఓనమాలు కూడా తెలియదు. భోజనాల దగ్గర పళ్ళెం పక్కన వేలితో గీసి చూపిస్తూ ఆయనే నేర్పాడు. ఏ వీధి కింద ఏ పైపు ఎంత లోతున ఉందో, ఎక్కడ వంగిందో, ఎక్కడ అతుకుందో ఆయనకు కంఠతా వచ్చు. ఈ సందులో మంచినీళ్ళ పైపు, మురుగు పైపు మూరెడు దూరంలో పక్కపక్కనే పోతాయని పట్టి ఇచ్చింది కూడా ఆయనే.

"నీళ్ళు ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది గదా అమ్మాయ్. ఖాళీ పైపు ఊరుకోదు. ఎక్కడ చిల్లుంటే అక్కడి నుంచి పక్కనున్నది పీల్చేస్తుంది. పక్కనున్నది మురుగైతే మురుగే. మళ్ళీ నీళ్ళు వదలగానే ముందు అదే బయటికొస్తుంది" అన్నాడు, జనానికి వినబడేలా.

"ఆ మాట ఇంజనీరు గారికి కూడా చెప్పండి మావయ్యా."

"నేను చెబితే వింటాడా? కుళాయే చెప్పాలి."

ఇంజనీరు మూడు నలభైకి మోటారు సైకిలు మీద వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ సంగతి సీసాలమ్మకు తెలుసు కాబట్టే అతని మీద కోపం సరిగ్గా నిలవదు. మూడు రోజులుగా అదే చొక్కా. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది. పూటకోసారి క్లోరిన్ ఎంత కలిపారో తన చేత్తోనే అందులో రాసుకుంటాడు. తన నీళ్ళలో మురుగుందంటే ఎవరో తన వంటింట్లో పురుగుందన్నట్టు ఉంటుంది అతనికి.

"పోశావా?"

"పోశాను సార్."

"ఇంతమంది ముందు ఈ నాటకం అవసరమా? రేపు పక్క సందులవాళ్ళు కూడా కుళాయి నీళ్ళు ముట్టుకోరు."

"ముట్టుకోకపోతే బతుకుతారు సార్."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. గొంతు పెరిగింది. "నీకు నీ సీసాలు తప్ప ఏమీ కనబడదు. పూట పూటకీ క్లోరిన్ నేనే కలిపిస్తున్నాను. పుస్తకం చూడు. ఒక్క పూట తగ్గిందేమో చూపించు!"

"ట్యాంకు దగ్గర తగ్గలేదు సార్. నేనెప్పుడన్నా తగ్గిందన్నానా? టైలరమ్మ గారి గుమ్మం దగ్గరికొచ్చేసరికి మిగలట్లేదు. మధ్యలో ఏదో తినేస్తోంది దాన్ని."

"ఏదో అంటే కుదరదు."

"ఏదో ఏంటో నాలుగింటికి తెలుస్తుంది."

హెల్త్ ఆఫీసరు గొడుగు కింద నిలబడి ఇద్దరి వంకా చూసింది. సగం వయసు ఆసుపత్రుల్లో గడిపిన మనిషి. మాట తక్కువ. "ఇద్దరూ కాస్త ఆగండి. ఇంకో ఇరవై నిమిషాలే గదా" అంది.

నాలుగయ్యింది. సీసాలమ్మ ఫోను మోగింది. పంప్‌హౌస్ నుంచి ఆమె భర్త. అక్కడి మోటార్లు చూసుకునేది అతనే.

"వదిలాను. మీ సందుకు చేరడానికి ఆరు నిమిషాలు పడుతుంది. వణుకుతున్నావా?"

"లేదు."

"అబద్ధం. నాకిక్కడికి వినబడుతోంది" అని పెట్టేశాడు.

టైలరమ్మ వాకిట్లో కుళాయి కింద తెల్లటి పింగాణీ బేసిన్ పెట్టారు. రంగు లేశమంత వచ్చినా తెలియాలని సీసాలమ్మే ఏరి పెట్టించింది. కుళాయి విప్పారు. ఏమీ లేదు. లోపలి నుంచి గాలి బుస్సుమంది. ఇంజనీరు చేతిగడియారం కళ్ళ ముందుకు పెట్టుకున్నాడు. గోడలెక్కిన పిల్లలు మెడలు చాచారు.

నాలుగూ ఆరు. కుళాయి దగ్గింది, తుప్పుక్కున రెండు చుక్కలు ఊసింది, తర్వాత సన్నగా ధార కట్టింది.

తేటగా ఉంది. గాజులా తేటగా ఉంది.

జనంలో ఎవరో నిట్టూర్చారు. ఇంజనీరు పెద్దగా నవ్వలేదు గాని పెదవి చివర కదిలింది. "చూశారుగా మేడమ్."

సీసాలమ్మ ధార మీద నుంచి కళ్ళు తిప్పలేదు. గొట్టంలో మిగిలిన పాత నీళ్ళు ఇవి, ఇవి పోవాలి, ఇవి పోయాక వస్తుంది అని తనకు తాను చెప్పుకుంటోంది. రాకపోతే? పదకొండేళ్ళుగా మోస్తున్న ఈ సీసాలు రేపు ఎవరికో అప్పగించి స్టోర్సులో బోల్టులు లెక్కపెట్టుకోవాలి. అదైనా పరవాలేదు. రేపు పొద్దున ఆరింటికి మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఈ సందులో డెబ్భై ఇళ్ళున్నాయి. డెబ్భై ఇళ్ళలోనూ మళ్ళీ బిందెలు నింపుతారు.

"ఇంకొక్క నిమిషం సార్."

"ఎన్ని నిమిషాలైనా..."

"ఉండండి!" అని టైలరమ్మ కేక పెట్టింది. "బేసిన్ చూడండి, బేసిన్!"

బేసిన్ అంచున, తెల్లటి పింగాణీ మీద, లేత మొలక రంగు తిరుగుతోంది. అందరూ ఒకేసారి వంగారు. ధార మారింది. మొదట లేతగా, ఆ వెంటనే చిక్కగా, రెప్పపాటులో చిలకపచ్చ నీళ్ళు బేసిన్ నిండి వాకిట్లోకి పొర్లాయి.

సందు దద్దరిల్లిపోయింది. పక్కింటి కుళాయి దగ్గర నుంచి "మాకూ వచ్చింది!" అని అరిచారు. ఎదురింటి నుంచి "మాకూ!" అన్నారు. టైలరమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా సీసాలమ్మను పట్టుకుని ఊపేసింది. ఆవిడ మనవరాలు ఐదు రోజులుగా ఆసుపత్రిలో ఉంది. "నేను శుభ్రంగా లేననుకున్నానమ్మా. నా చేతుల్లోనే ఏదో ఉందనుకున్నాను. రోజుకు పదిసార్లు చేతులు తోముకున్నాను, ఈ నీళ్ళతోనే!"

ఇంజనీరు గొంతుక్కూర్చుని దోసిలి పట్టాడు. పచ్చటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంటే అలాగే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి లేచాడు. జేబులోంచి నోటు పుస్తకం తీసి, ఏదో రాయబోయి, రాయకుండానే మళ్ళీ పెట్టేసుకున్నాడు.

"సందు వాల్వు ముయ్యండి" అన్నాడు మెల్లగా. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "పొరపాటు నాది. నీ పరీక్ష చెల్లుతుంది."

వాల్వు కట్టేయడానికి మనుషులు పరిగెత్తారు. సీసాలమ్మకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మామగారి వైపు తిరిగి "మావయ్యా, గెలిచాం!" అని అరిచింది. పెద్దాయన రెండు చేతులూ గాల్లోకెత్తి నవ్వాడు.

సరిగ్గా అప్పుడే ఫోను మళ్ళీ మోగింది. ఈసారి చెల్లెలు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు.

"అక్కా, నువ్వు రంగు ఎక్కడ పోశావు?"

"టైలర్ల సందు మలుపులో. వచ్చేసిందే! కుళాయిలో వచ్చేసింది! నువ్విక్కడుండాల్సింది..."

"అక్కా, ముందు నా మాట విను." చెల్లెలి గొంతులో పైకి రానివ్వకుండా అదిమిపెట్టిన భయం. "మా దగ్గర కూడా వచ్చింది. సంపులో పడే గొట్టంలో చిలకపచ్చ నీళ్ళు. ఇక్కడే నిలబడి చూస్తున్నా."

సీసాలమ్మ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "మీ దగ్గరకెలా వస్తుంది? మీది కొత్త ట్యాంకు లైను. ఈ సందుకీ మీకూ అసలు సంబంధమే లేదు."

"సంబంధం ఉందో లేదో నాకు తెలీదు. నీళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి. అక్కా, కాలు విరిగి ఎముకల వార్డులో చేరినవాళ్ళకి కలరా ఎలా వచ్చిందా అని నాలుగు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాం గదా. తగ్గిందని రాసినవాళ్ళకి మళ్ళీ తిరగబెట్టింది గదా. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఈ నీళ్ళలోనే కలుపుతున్నామే! క్లోరిన్ మాత్రలు వేసి అరగంట ఆగాలంటారు. వరండాలో కూడా మనుషులు పడుకుని ఉంటే అరగంట ఆగే తీరిక ఎవరికుంది?"

"ఆపెయ్. సంపు నీళ్ళు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు. కాచిన నీళ్ళు మాత్రమే. అందరికీ చెప్పు, పరిగెత్తు!"

ఫోను దించి, సంచీలోంచి మ్యాపు లాగి బేసిన్ పక్కనే నేల మీద పరిచింది. టైలర్ల సందు నుంచి ఆసుపత్రికి ఒకప్పుడు ఒక పైపు ఉండేది. మ్యాపులో దాన్ని చుక్కల గీతతో చూపించారు. గీత మీద అడ్డంగా రెండు కోతలు. పక్కన చిన్న అక్షరాలు: కోసి మూత బిగించడమైనది. ఇరవై రెండేళ్ళ కిందటి తేదీ. దాని కింద ఒక సంతకం.

ఆ సంతకం ఆమెకు బాగా తెలుసు. ఆమె పెళ్ళి పుస్తకంలో సాక్షి సంతకాల్లో అదొకటి.

మెల్లగా తల తిప్పింది. పెద్దాయన చెక్కపెట్టె మీద నుంచి లేవలేదు. ఎత్తిన చేతులు ఎప్పుడు దించాడో, మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"మావయ్యా."

మ్యాపులో ఆ గీత మీద వేలు ఆనించింది.

"మావయ్యా, ఆసుపత్రి పైపు మీరు కోశారా లేదా?"

"వాల్వు కట్టేశాను" అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

పెద్దాయన తలెత్తి చూశాడు. చుట్టూ ఊరు ఉంది. అందులో సగం మంది ఇళ్ళకు ఆయన చేత్తోనే కుళాయిలు బిగించాడు. "కొయ్యలేదు. కోద్దామనే గొయ్యి తీయించాను. అప్పటికే రోడ్డువాళ్ళు తారు కాచుకుని కూర్చున్నారు. కోసి మూత పెట్టాలంటే అర రోజు పని. వాల్వు బిగుతుగా కట్టేశాను, చుక్క కూడా దిగలేదు. భోజనం చేసొచ్చి కోద్దాంలే అనుకున్నాను. తిరిగొచ్చేసరికి గొయ్యి పూడ్చేసి తారు పోసేశారు. మళ్ళీ తవ్వించమంటే తిడతారు. సంతకం పెట్టేశాను."

"ఇరవై రెండేళ్ళు?"

"ఈ ఇరవై రెండేళ్ళలో వాల్వు లోపల నీళ్ళాపే గేటు తుప్పుపట్టి ఊడిపోయి ఉంటుందమ్మా. నాకు తెలియాలి. నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

సీసాలమ్మకు జాలీ కోపమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి. రెండింటికీ టైము లేదు. ఎందుకంటే ఆమె మెదడు అప్పటికే ఇంకో చోటికి పరిగెత్తింది.

"మేడమ్," అంది హెల్త్ ఆఫీసరుతో, "ఊళ్ళో నీళ్ళు పంచే ట్యాంకర్లు ఎక్కడ నింపుతున్నారు?"

ఆవిడ గొడుగు దించేసింది. "ఆసుపత్రి సంపులోనే. ఊళ్ళో అన్నిటికంటే మంచి నీళ్ళు అవేనని నువ్వే గదా రాసిచ్చావు?"

అవును, తనే రాసిచ్చింది. జబ్బు మొదలైన మూడో రోజున ఆసుపత్రికి వెళ్ళి, గొట్టం విప్పి, నిబంధన ప్రకారం ఐదు నిమిషాలు నీళ్ళు వదిలేసి, ఆ తర్వాత సీసా నింపింది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఉండక ఏం చేస్తాయి? మురుగంతా ఆ ఐదు నిమిషాల్లోనే సంపులోకి పోయింది. ఆ తర్వాత మొదటి నీళ్ళ సంగతి తెలిశాక కూడా తిరిగి వెళ్ళి పరీక్షించలేదు. మ్యాపులో రెండు కోతలున్నాయి గదా, వేరే లైను గదా అని నిశ్చింతగా ఉంది. సంతకం మామగారిది. ఆ సంతకాన్ని నమ్మి కింద తన సంతకం పెట్టింది.

"మీరు కోశామని రాశారు కాబట్టి నేను శుభ్రమని రాశాను మావయ్యా" అంది. గట్టిగా కూడా అనలేదు. పెద్దాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

హెల్త్ ఆఫీసరు అప్పటికే ఫోనులో ఉంది. ట్యాంకర్లు ఆరు. ఒకరి తర్వాత ఒకరుగా డ్రైవర్లు దొరికారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు. ఐదు ఆగాయి. ఆరోవాడు ఫోనెత్తలేదు.

"ఆరోది ఏ వీధికి?" అన్నాడు ఇంజనీరు.

హెల్త్ ఆఫీసరు చీటీ చూసింది. "వీధికి కాదు. రైల్వే స్టేషనుకి. అక్కడి బోరు మోటారు పొద్దున కాలిపోయిందట. బోగీల్లో నింపడానికి నీళ్ళు కావాలంటే పంపాను." ఆవిడ గడియారం చూసుకుంది. "ఎక్స్‌ప్రెస్ నాలుగూ యాభైకి. పద్దెనిమిది బోగీలు. రేపు తెల్లారేసరికి సరిహద్దు దాటుతుంది."

"నీళ్ళు పచ్చగా ఉంటే వాళ్ళే ఆపుతారుగా?" అంది టైలరమ్మ ఆశగా.

"ఉండవు పిన్నీ" అంది సీసాలమ్మ. "ఆ ట్యాంకరు మధ్యాహ్నమే నింపారు. అప్పటికింకా రంగు చేరలేదు. తేటగా ఉంటాయి. తాగబుద్ధేసేలా ఉంటాయి."

ఇంజనీరు మోటారు సైకిలు స్టార్టు చేశాడు. గడియారం నాలుగూ ఇరవై తొమ్మిది చూపిస్తోంది.

"ఎక్కు" అన్నాడు.

ఎక్కింది. ఆ ఊరి రోడ్ల మీద ఇంజనీరు ఎప్పుడూ ముప్ఫై దాటి నడపడని పేరు. ఆ సాయంత్రం దారిలో ఎంతమంది తిట్టారో ఇద్దరికీ వినబడలేదు. సంచీలో సీసాలు ఒకదానికొకటి కొట్టుకుని రెండు పగిలాయి. స్టేషను మాస్టరుకు ఫోను చేస్తే ఎంతకూ కలవదు. గేటు దగ్గర లారీ అడ్డం పడింది. ఇంజనీరు బండిని ఫుట్‌పాత్ ఎక్కించాడు. "పట్టుకో!" అని అరిచాడు. అప్పటికి ఆమె రెండు చేతులా పట్టుకునే ఉంది.

స్టేషను ముందు బండి ఆపడం కాదు, పడేశాడు. గడియారంలో నాలుగూ నలభై ఆరు.

"నేను మాస్టరు దగ్గరికి వెళ్తా. నువ్వు వంటబోగీకి పరిగెత్తు. కాచని నీళ్ళు ముందు అక్కడే మనుషుల కడుపులోకి వెళ్తాయి."

ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. పెట్టెలు, పరుపు చుట్టలు, చంటిపిల్లలు. అందరినీ తోసుకుంటూ, "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ వంటబోగీ తలుపు పట్టుకుని లోపలికి ఎగిరింది. పొడవాటి బల్ల మీద నాలుగు వరసల్లో కాగితం గ్లాసులు. గ్లాసుల నిండా నిమ్మరసం. లావుపాటి వంటాయన ఆఖరి వరసలో చక్కెర వేస్తున్నాడు. అతని వెనక కుళాయి ఇంకా కారుతోంది.

"ఇవి ఏ నీళ్ళతో కలిపారు?"

"నువ్వెవరు? లోపలికెవరు రానిచ్చారు?"

"కాచిన నీళ్ళా, కుళాయి నీళ్ళా?"

"నిమ్మరసానికి నీళ్ళు కాస్తారా ఎవరైనా? దిగు ముందు!"

ఒకతను గ్లాసులతో నిండిన పళ్ళెం ఎత్తుకుని బోగీల వైపు బయల్దేరాడు. మాటలతో అయ్యే పని కాదని సీసాలమ్మకు అర్థమైపోయింది. ఒక్క ఊపున బల్ల అంచు పట్టుకుని ఎత్తేసింది. గ్లాసులు, పంచదార, నిమ్మ డొప్పలు అన్నీ కలిసి వంటాయన కాళ్ళ మీద జలపాతంలా పడ్డాయి. పళ్ళెం పట్టుకున్నవాడు నోరు తెరిచి నిలబడిపోయాడు. ఆ పళ్ళెం కూడా లాక్కుని కిటికీలోంచి పట్టాల మీదికి వంపేసింది.

"నీకేమన్నా మతి పోయిందా!" వంటాయన గరిటె ఎత్తాడు.

"కలరా" అంది ఆమె, ఆయాసంతో మాట తెగుతుండగా. "ఈ నీళ్ళలో కలరా ఉంది. మీరు తాగారా?"

గరిటె గాల్లోనే ఆగిపోయింది. "లేదు" అన్నాడు వంటాయన. అతని గొంతు చంటిపిల్లాడి గొంతులా సన్నబడిపోయింది. "వడ్డించాకే తాగుదామనుకున్నా."

బయట ఇంజను కూత వేసింది. బోగీ చిన్నగా కదిలింది. సీసాలమ్మ తలుపు దగ్గరికి పరిగెత్తి బయటికి తొంగి చూసింది. ప్లాట్‌ఫారం వెనక్కి జరుగుతోంది. టీ కొట్టు, బల్ల, స్తంభం ఒక్కొక్కటీ వెనక్కిపోతున్నాయి. దూరంగా స్టేషను మాస్టరు గదిలోంచి ఇంజనీరు బయటికి దూకాడు. వెనకే ఎర్రజెండాతో ఒక మనిషి పరిగెత్తుకొస్తున్నాడు.

ముందు ఉన్న సిగ్నల్ పచ్చ నుంచి ఎర్రకు మారింది.

ఇనుము మీద ఇనుము కీచుమంది. బోగీ ఒక్క కుదుపుతో నిలిచిపోయింది. కిటికీల్లోంచి వందల తలలు బయటికొచ్చాయి. మైకు గరగరలాడింది. తర్వాత ఎవరో కాదు, ఇంజనీరే, ఆయాసపడుతూ మాట్లాడాడు: "ప్రయాణికులు దయచేసి వినండి. బోగీల్లో కుళాయి నీళ్ళు ఎవరూ తాగొద్దు. నోట్లో పోసుకోవద్దు, పిల్లలకు పట్టొద్దు. ఈ ఊరి నీటి సరఫరా ఇంజనీరును మాట్లాడుతున్నాను. నీళ్ళు బాగాలేవు. బాధ్యత నాది."

సీసాలమ్మ మెట్టు మీద కూలబడింది. నవ్వొస్తోంది. చొక్కా చేతుల నిండా నిమ్మరసం. గెలిచారు. పద్దెనిమిది బోగీలు. వెయ్యి మందికి పైగా మనుషులు. ఒక్కరు కూడా ఇంకా తాగలేదు.

స్టేషను మాస్టరు ప్లాట్‌ఫారం వెంబడి ఆమె దగ్గరికే వస్తున్నాడు. చేతిలో రిజిస్టరు. అందులో ఇంజనీరు రాసిచ్చిన నాలుగు వాక్యాల కింద సిరా ఇంకా ఆరలేదు. ఆయన ముఖంలో మాత్రం గెలిచిన కళ ఏమీ లేదు.

"మీరేనా నీళ్ళు పరీక్షించే అమ్మాయి?"

"అవునండీ."

"ఆ ట్యాంకరు ఇవాళ ఇక్కడికి రావడం ఇది రెండోసారి" అన్నాడు. "మొదటిసారి పొద్దున వచ్చింది, మోటారు కాలిపోయిన గంటకే. పదిన్నర బండికి నీళ్ళు దాంట్లోంచే నింపాం."

ఆమె లేచి నిలబడింది. "ఆ పదిన్నర బండి ఇప్పుడెక్కడుంది?"

స్టేషను మాస్టరు తల తిప్పి గోడ గడియారం వంక చూశాడు.

"ఓడరేవుకు చేరి గంటయ్యింది. ఆ బండిలో సగం మందికి ఇవాళ్టి ఓడకే టిక్కెట్లు. ఆరింటికి లంగరు ఎత్తుతారు."